కడిగేసిన మసి

మీరు ఇంకోలా అనుకోకముందే ఒక మాట చెప్పేస్తాను, ఆవిడకి యుద్ధమన్నా తుపాకులన్నా అస్సలు గిట్టదు. టీవీలో ఎవడైనా ఎవడినైనా కాల్చబోతున్నాడంటే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. "అయిపోయిందా? రావచ్చా?" అని అక్కణ్ణుంచే కేకేసేది. అలాంటి మనిషి ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక యుద్ధ విమానం, టీవీ పక్కన ఒకటి, బట్టల బీరువాలో చొక్కాలు వేలాడాల్సిన చోట ఒకదాని రెక్క కింద ఇంకోటి దూర్చి మరికొన్ని. పోనీ ప్లాస్టిక్ బొమ్మలా అంటే కాదు. లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసి చేసినవి, వాటినే డైకాస్ట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన విమానాలకి నకళ్ళు. అందులోనూ పెద్ద సైజువి. రెక్క కొస నుంచి కొసకి మనిషి చెయ్యంత పొడుగు, ఎత్తితే చంటిపిల్లంత బరువు.

వాటికి పెద్ద పెద్ద పేర్లున్నాయట. దుకాణాల వాళ్ళు స్పిట్‌ఫైర్ అంటారు, మస్టాంగ్ అంటారు. ఆవిడ మాత్రం సొరచేప మూతిది, వంగిన రెక్కలది, రెండు తోకలది, వెండిది అనే పిలిచేది. గదిలో సీలింగు ఫ్యాను వేస్తే ఆ గాలికి అన్నిటి ముక్కుల మీది పంకాలూ మెల్లగా తిరిగేవి. "మా ఇంట్లో ఒక్క స్విచ్చేస్తే ఇన్ని ఫ్యాన్లు తిరుగుతాయి, గాలి మాత్రం ఒక్కదానిదే" అని కొడుకు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా తనే ముందు నవ్వేవాడు.

కథ ఈ అత్తగారిదే. కానీ కోడలి పక్కన కూర్చుని చెప్తే తప్ప సగం అర్థం కాదు. అందుకని కోడలి దగ్గరే మొదలుపెడతాను.

కోడలు ఒక పెద్ద హోటల్లో, నేల కింద అంతస్తులో ఉండే లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు ఉతకడానికి మిషన్లున్నాయి, ఆరబెట్టడానికి ఉన్నాయి, మడతపెట్టడానికి కూడా ఉన్నాయి గానీ మరక తీయడానికి మిషను లేదు. దానికి మనిషే కావాలి. ఆ మనిషి ఈ పిల్లే. లిప్‌స్టిక్కా, బూట్‌పాలిషా, దగ్గుమందా అన్నది వాసన చూసి చెప్పేస్తుంది. దేనికి చన్నీళ్ళు పొయ్యాలో, దేనికి ఏ సీసా మూత తీయాలో ఆలోచించక్కర్లేదు, చెయ్యే వెళ్ళిపోతుంది. మధ్యలో రుద్దితే మరక పాకుతుంది కాబట్టి అంచు నుంచి లోపలికి తీసుకురావాలి, అదీ పద్ధతి. మరక కనిపిస్తే మాత్రం ఆ చెయ్యి ఊరుకోదు. ఒకసారి బస్సులో ముందు సీట్లో ఆయనెవరో కాలరు మీద సిరా పడి ఉంటే, దిగేటప్పుడు భుజం తట్టి "పాలల్లో నానబెట్టండి" అని చెప్పి మరీ దిగింది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. వాళ్ళిద్దరూ కలిసిందే హోటల్లో సామాన్ల లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోవడం వల్ల. లోపల ఈ పిల్లా, ఒక బండి నిండా తడి దుప్పట్లూ. పైనుంచి అతను "భయపడకండి, తీసేస్తాను" అన్నాడు. "భయం సంగతి తర్వాత, ఇవి ముడతలతోనే ఆరిపోతున్నాయి, త్వరగా కానివ్వండి" అంది. ఆ మాటకే పడిపోయానని అతను ఇప్పటికీ అంటాడు.

పెళ్ళై ఆ ఇంటికొచ్చిన మొదటి ఆదివారం. అత్తగారు బజారుకెళ్ళింది, మొగుడు ఎక్కడో లిఫ్టు ఆగిందంటే వెళ్ళాడు. కొత్త కోడలు, ఇంట్లో ఒక్కతే ఉంది, ఏదో ఒకటి చేసి మెప్పించాలని చేతులు ఊరుకోవడం లేదు. ఫ్రిజ్ మీద వెండి రంగు విమానం కనిపించింది. మూతి దగ్గర పొగ గొట్టాలున్నాయి కదా, వాటి వెనక నుంచి రెండు పక్కలా నల్లగా జిడ్డు, తోక దాకా పాకి ఉంది. రెక్కల మీద కూడా అక్కడక్కడా నల్లగా. పాపం పెద్దావిడ, చూపానక ఇన్నాళ్ళ మురికీ అలాగే పేరుకుపోయింది అనుకుంది. ముందు సబ్బు నీళ్ళతో చూసింది. కదల్లేదు. హోటలు నుంచి చిన్న సీసాలో తెచ్చుకున్న మందు బయటికి తీసింది. పాత బ్రష్షుకి గుడ్డ చుట్టి, అంచు నుంచి లోపలికి, అంచు నుంచి లోపలికి. పద్ధతి ప్రకారం చేసింది కాబట్టి ఒక్క చార మిగల్లేదు. విమానం కొత్త చెంచాలాగా మెరిసింది. రెండోది తీసేలోపు మందు అయిపోయింది. అదొక్కటే అదృష్టం.

అత్తగారు వచ్చింది. సంచీ కింద పెట్టింది. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయింది. తలుపు తీయలేదు. కాసేపయ్యాక తీసింది, సీసా ఎత్తి నీళ్ళు తాగింది.

"ఎంత తెల్లగా చేశావమ్మా" అంది. "చేతులు నొప్పెట్టుంటాయి. కూర్చో, టీ పెడతాను."

సాయంత్రం మొగుడొచ్చాడు. వస్తూనే ఫ్రిజ్ వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, గొంతు తగ్గించాడు.

"దాన్ని ఎవరు కడిగారు?"

"నేనే. ఎంత మురికుందో తెలుసా?"

"అది మురికి కాదు" అన్నాడు. "ఆ మసి రాయడం ఒకావిడ ఉద్యోగం."

అప్పుడు చెప్పాడు. అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ వాళ్ళమ్మ ఊరి చివర బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఈ విమానాలు అక్కడే తయారయ్యేవి. ఒక పక్క కొలిమిలో లోహం కరిగించి అచ్చుల్లో పోసేవాళ్ళు, ఇంకో పక్క పొడుగాటి హాల్లో ఆడవాళ్ళు వరసగా బల్లల ముందు కూర్చుని రంగులు వేసేవాళ్ళు. విమానం అద్దం మూత ఎత్తితే లోపల చిటికెనవేలంత పైలట్ కూర్చుని ఉంటాడు. వాళ్ళమ్మ పని ఆ పైలట్ల ముఖాలు. కళ్ళు, పెదాలు, కనుబొమ్మలు. పక్కన చిన్నమ్మ అనే ఆవిడ టైర్లు, ఆ పక్కన పంతులమ్మ అనే ఆవిడ సొరచేప పళ్ళు, అలా ఎవరిది వాళ్ళది. వాళ్ళమ్మ ఎదురుగా కూర్చునే ఆవిడ పని మసి రాయడం. కొత్తగా మెరుస్తూ ఉంటే యుద్ధానికెళ్ళొచ్చిన విమానంలా ఉండదు కదా, అందుకని పొగ గొట్టం వెనక నల్లగా మొదలుపెట్టి గాలికి కొట్టుకుపోయినట్టు తోక వైపు పల్చబడేలా రాయాలి. ఆవిణ్ణి అందరూ మసక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతాలిచ్చే రోజే వినపడేదట.

మసక్కకి కుంచె నచ్చలేదు. కుంచెతో రాస్తే గీతలు గీసినట్టుంటుంది గానీ పొగలా ఉండదని, అది పక్కన పడేసి బొటనవేలితో అద్దేది. ఆ వేలికి పాత గాయం ఒకటి ఉండేది. మొదట్లో, అచ్చు నుంచి వచ్చిన బొమ్మల అంచులు చెక్కే పనిలో ఉన్నప్పుడు కత్తి దిగిందట. అందుకని ఆవిడ అద్దిన మసిలో, నల్లటి దాని మధ్యలో, వెంట్రుకంత తెల్ల గీత ఒకటి మిగిలిపోయేది. వెతికితే తప్ప కనపడదు. ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం తెలుసు.

"నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మని ఇంటికి పంపేసి, అమ్మ వంతు ముఖాలు కూడా ఆవిడే వేసింది" అన్నాడు మొగుడు. "ఆ చేతుల్తోనే వేసింది. పైలట్లందరికీ బుగ్గల మీద మసి. సూపర్‌వైజరు వచ్చి ఇదేంటమ్మా అంటే, విమానం నడిపేవాడికి మసి అంటదా మరి, నువ్వు సైకిలు తొక్కితేనే గ్రీజు అంటుకొస్తావు కదా అందిట."

తర్వాత ఆ ఆర్డర్లు ఎక్కడికో వెళ్ళిపోయాయి, ఫ్యాక్టరీ మూతపడింది. ఆడవాళ్ళంతా తలో దిక్కు అయ్యారు. మసక్క తమ్ముడి ఊరికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి పోయిందని కబురొచ్చింది. ఆవిడ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఎవరు కెమెరా ఎత్తినా ఆ నల్లటి చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకునేది.

అన్నేళ్ళు చేసినా వాళ్ళమ్మ ఇంటికి ఒక్క విమానం తెచ్చుకున్నది లేదు, గేటు దగ్గర సంచులు వెతికేవాళ్ళు. ఒకరోజు పాత సామాన్ల బజార్లో, పేవ్‌మెంటు మీద, రెక్క విరిగిన విమానం ఒకటి కనపడింది వాళ్ళమ్మకి. మూత ఎత్తి చూస్తే లోపల తను వేసిన ముఖం. అలా మొదలైంది. ఆవిడ విమానాలు పోగెయ్యడం లేదు నిజానికి, ఆ బల్లని పోగేస్తోంది. టైర్ల మీద రంగు కారిపోతే చిన్నమ్మ చెయ్యి, పళ్ళు మరీ తిన్నగా ఉంటే పంతులమ్మ చెయ్యి. మసక్క గీత ఉన్నది ఒక్క వెండిదాని మీదే. అది దొరికిన రోజు మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటిదాకా వచ్చిందట, సంచీలో పెట్టకుండా.

కోడలు అంతా విని వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, నాకు తెలీదు" అంది.

"తెలీక చేసినదానికి ఏముందమ్మా. పోనీలే" అంది అత్తగారు. అని గిన్నె మీద మూత సర్దింది.

ఆ పోనీలే అన్న మాటే గుచ్చుకుంది ఆ పిల్లకి. ఎందుకంటే, ఆ అత్తగారు పోనీలే అనే మనిషి కాదు. కొడుకు తడి తువ్వాలు మంచం మీద వేస్తే వీధి చివరిదాకా వినపడేలా తిట్టేది. గ్యాసు బండ తెచ్చేవాణ్ణి తిట్టేది, వార్తలు చదివే అమ్మాయిని తిట్టేది, ఫ్యానుకి సరిగ్గా తిరగని పంకాని కూడా "నీకేం రోగం" అని తిట్టేది. కోడల్ని మాత్రం అమ్మాయ్, అమ్మా, తిన్నావా, కూర్చో. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు.

"అదృష్టవంతురాలివి" అన్నాడు మొగుడు. "నన్ను చూడు."

"నీకేం తెలుసు" అంది ఆ పిల్ల. "కొన్ని మరకలుంటాయి, ఉతికితే పోయినట్టే ఉంటాయి. ఇస్త్రీ పడ్డాక పైకి తేలతాయి. కోపం ఉందో పోయిందో నాకెలా తెలుస్తుంది?"

అదీ ఆ పిల్ల బాధ. ఒక్కసారి తిడితే బాగుండు అని. వెండి విమానం ఫ్రిజ్ మీదే ఉంది, అత్తగారు దాన్ని అక్కణ్ణుంచి తీయలేదు. పాలు తీసినా నీళ్ళు తీసినా అది తళతళా మెరుస్తూ కనిపిస్తుంది. ఒకసారి ఆ పిల్ల ఎవరూ లేనప్పుడు స్టవ్ మసి బొటనవేలికి పట్టించి పొగ గొట్టం వెనక అద్ది చూసింది. మాడిన మూకుడులా తయారైంది. గబగబా తుడిచేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు. ఉల్లిపాయలు ఎక్కడున్నాయని అడిగింది.

ఆ తర్వాతి ఆదివారం అత్తగారు పాత సామాన్ల బజారుకి బయల్దేరుతుంటే కోడలు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "నేనూ వస్తాను, అత్తయ్యా."

"ఎందుకమ్మా ఎండలో."

"మీరు ముఖాలు చూడండి. నేను మసి చూస్తాను."

అత్తగారు సంచీ ఆ పిల్ల చేతికిచ్చింది. "సరే పద" అంది.

పాత సామాన్ల కొట్టు ఒక వంతెన కింద ఉండేది. తుప్పు పట్టిన ఫ్యాన్లు, ఒంటి చెవి హెడ్‌ఫోన్లు, ఊపిరి పోయిన గ్రైండర్లు, వాటి మధ్య బొమ్మలు. కొట్టువాడికి అత్తగారంటే సరదా. మిగతా బొమ్మల పిచ్చివాళ్ళు వచ్చి పెట్టె ఉందా, స్టిక్కరు చిరిగిందా అని చూస్తారు. ఈవిడ ఒక్కటే రెక్క ఉందో లేదో కూడా చూడకుండా మూత ఎత్తి లోపలివాడి ముఖం చూస్తుంది.

"పెద్దమ్మా, మనవరాలికి పెళ్ళికొడుకుని వెతుకుతున్నావా? చెప్పు, మంచి సంబంధాలున్నాయి. వీడికి కాళ్ళు లేవు గానీ సొంత విమానం ఉంది."

"నోర్మూసుకుని ఆ పైది దించు. దుమ్ము నా మీద పడిందంటే నీ కొట్టుకి నిప్పెడతాను."

"ఈ పిల్లెవరు? అసిస్టెంటా?"

"మా కోడలు."

"అమ్మా కోడలుగారూ, ఈవిడతో ఎలా వేగుతున్నావు?"

"మా అత్తయ్య నన్నేమీ అనరు" అంది ఆ పిల్ల. అనేసి తల దించుకుని ఒక రెక్క కింద చూడ్డం మొదలుపెట్టింది. కొట్టువాడు అత్తగారి వైపు చూశాడు. ఆవిడ వేరే విమానం మూత ఎత్తింది.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. వానల్లో ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళారు, ఎండల్లో చెరకురసం బండి దగ్గర ఆగారు. మరకలు పోగొట్టడం తప్ప తెలియని ఆ కళ్ళకి మరకల్లో మంచీ చెడూ తెలియడం మొదలైంది. ఇది కుంచెతో రాసింది, ఇది మిషనుతో కొట్టింది, ఇది మరీ తోక దాకా లాగేశారు, గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు అని దూరం నుంచే చెప్పేసేది. "నీకు కన్నుందమ్మా" అనేది అత్తగారు. పంతులమ్మ పళ్ళున్నది ఒకటి దొరికింది, చిన్నమ్మ టైర్లున్నవి రెండు దొరికాయి. మసక్క మాత్రం దొరకలేదు.

ఇంతలో అత్తగారికి పళ్ళు కదలడం మొదలైంది. ఒక్కోటీ పీకించుకుంటూ వచ్చి, చివరికి పై వరసంతా కట్టుడు పళ్ళు పెట్టించుకోక తప్పదన్నారు. కొడుకు లిఫ్టు బాగుచేసే ఒక భవనంలో, మూడో అంతస్తులో పళ్ళ డాక్టరు ఉన్నాడు. నెమ్మదైన మనిషి. కోడలు సెలవు పెట్టి తీసుకెళ్ళింది.

లోపల కుర్చీలో అత్తగారు. నోట్లో గులాబీ రంగు ముద్ద నింపిన పళ్ళెం లాంటిది పెట్టాడు డాక్టరు, పళ్ళకి అచ్చు తీయడానికి. "ఇది గట్టిపడేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు అమ్మగారూ" అన్నాడు. జీవితమంతా అచ్చుల పక్కన బతికిన మనిషి, బుద్ధిగా ఊ అంది.

బయట వెయిటింగు గదిలో కోడలు. ఎదురుగా ఒక గాజు అలమర ఉంది. సాధారణంగా అక్కడ షీల్డులు, సర్టిఫికెట్లు పెట్టుకుంటారు. ఈయన విమానాలు పెట్టుకున్నాడు. పెద్ద సైజువి, డైకాస్టువి. ఆ పిల్ల లేచి అలవాటు కొద్దీ ఒక్కొక్క దాని పొట్ట పక్కనా చూస్తూ వచ్చింది. కుంచె. కుంచె. మిషను. కింది అరలో బూడిద రంగుది ఒకటి, కిటికీ వైపు తిరిగి ఉంది. పొగ గొట్టం దగ్గర చిక్కగా నలుపు, తోక వైపు పల్చగా, పొగ ఇప్పుడే వదిలినట్టు. మధ్యలో, వెంట్రుకంత, తెల్లగా.

గాజుకి ముక్కు ఆనించి ఇంకోసారి చూసింది. ఇటు పక్క నుంచి చూసింది. రెక్క మీద కూడా ఉంది, అదే గీత.

తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళిపోయింది. "అత్తయ్యా, ఉంది. గీత ఉంది. బయట అలమరలో ఉంది."

అత్తగారు కుర్చీలోంచి లేవబోయింది. డాక్టరు భుజం పట్టుకుని ఆపాడు. "కదలకండి, పాడైపోతే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. ఏమిటమ్మా, ఏం గీత?"

"మీ విమానానికి మసి రాసింది మా మసక్క" అంది కోడలు.

డాక్టరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్తగారు నోట్లో పళ్ళెంతో ఊ, ఊఊ అంటూ కోడలి వైపు చెయ్యి చాపింది. ఆ పిల్ల వెళ్ళి పట్టుకుంది. ముద్ద గట్టిపడేదాకా అలాగే ఉన్నారు. అత్తగారి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే డాక్టరు కంగారుపడి "నొప్పిగా ఉందా?" అని అడిగాడు. ఆవిడ అడ్డంగా తలూపబోయి, కదలకూడదని గుర్తొచ్చి, వేలు ఊపింది.

తర్వాత డాక్టరే అలమర తాళం తీసి విమానాన్ని బల్ల మీద పెట్టాడు. ఎవరో తెలిసినాయన కొడుకు పెద్దవాడైపోయాక అమ్మేస్తుంటే కొన్నానన్నాడు. అత్తగారు మూత ఎత్తలేదు, ముఖం చూడలేదు. తన బొటనవేలు తీసుకెళ్ళి ఆ మసి మీద ఆనించింది. గీత ఎటు వాలి ఉందో అటే వేలు వాల్చింది. అలాగే ఉంచింది. వెయిటింగు గదిలో దవడ పట్టుకుని కూర్చున్న ఒకాయన కూడా నొప్పి మర్చిపోయి చూస్తున్నాడు.

"తీసుకెళ్ళండి అమ్మగారూ" అన్నాడు డాక్టరు. "మీకే ఇచ్చేస్తాను."

"వద్దు బాబూ. మా ఇంట్లో చీకట్లో ఉంటుంది. ఇక్కడైతే మనుషులుంటారు. మసక్కకి మనుషులుండాలి, వాగుడుకాయ." తర్వాత మూత ఎత్తింది. ముఖం దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వింది, బోసినోటితో. "వీడు నావాడే. కిటికీ ఎండకి కనుబొమ్మలు పోయాయి పాపం. నేను వేసిన ఆశ్చర్యం పోయింది ముఖంలో. వీణ్ణి ఇస్తే ఇంటికి తీసుకెళ్ళి బాగుచేసి తెస్తాను. పళ్ళ కోసం ఎలాగూ రావాలి కదా."

డాక్టరు సన్నటి పటకారుతో పైలట్‌ని బయటికి తీశాడు. కట్టుడు పళ్ళు పెట్టి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది వేసి, అందులో పడుకోబెట్టి ఇచ్చాడు. "మీ పళ్ళు నా దగ్గర, నా పైలట్ మీ దగ్గర" అన్నాడు.

ఇంటికి తిరిగి వస్తున్న బస్సు. కిటికీ పక్కన అత్తగారు, ఒళ్ళో డబ్బా. కోడలు ఏదో అందామని చూస్తోంది. ఆవిడే మొదలుపెట్టింది.

"ఏమే, నీకసలు బుద్ధుందా?"

కోడలు ఉలిక్కిపడి చుట్టూ చూసింది, ఎవర్నో అనుకుని.

"నిన్నే. కొత్తగా ఇంటికొచ్చిన దానివి, ఒక మాట అడక్కుండా ఎవరైనా మందు పెట్టి రుద్దుతారా? నీ చేతులు విరగ. మరక కనిపిస్తే చాలు మీద పడిపోవడమేనా? రేపు నా ముఖం మీద పుట్టుమచ్చ కూడా రుద్దేస్తావా? ఆ రోజు చీపురు తిరగేసి కొడదామనుకున్నాను నిన్ను. నిద్ర పట్టలేదు నాకు. మసక్క చెయ్యి ఒక్కటి మిగిలిందే నాకు, దాన్ని కూడా ఉతికి ఆరేశావు కదే."

నోట్లో పై పళ్ళు లేవేమో, తిట్లు సగం గాలికి పోతున్నాయి, తుంపర్లు పడుతున్నాయి. బస్సులో అందరూ తిరిగి చూస్తున్నారు. కండక్టరు టికెట్లు చింపడం ఆపాడు. కోడలి చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది.

"నవ్వుతావేమే? సిగ్గులేదూ?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తిట్టలేదత్తయ్యా?"

అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది. "తిట్టడం మొదలుపెడితే ఆపలేనేమోనని భయమేసింది" అంది. "కొత్తపిల్లవి. వెళ్ళిపోతావేమోనని. ఇప్పుడు ఎక్కడికి పోతావులే, దొంగమొహమా."

వెనక సీట్లో ముసలాయన "మీ అమ్మాయా?" అని అడిగాడు.

"కాకపోతే పరాయివాళ్ళని ఇంతలేసి మాటలు అంటానా?" అంది ఆవిడ.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో కోడలికి మాటలు పడటం మొదలైంది. ఉప్పు ఎక్కువైతే పడ్డాయి, తక్కువైతే పడ్డాయి. మొగుడు వచ్చి "ఇప్పుడు తెలిసిందా" అంటే, "నీకు ఆరుసార్లు పడితే నాకు మూడుసార్లే పడ్డాయి, అక్కడా నీకే ముద్దు" అని పోట్లాడేది. వెండి విమానం ఫ్రిజ్ మీదే మెరుస్తూ ఉంది. దాని పక్క నుంచి ఆ పిల్ల ఇప్పుడు మామూలుగా పాలు తీసుకుంటోంది.

పైలట్ పని అత్తగారు ఆ వారంలోనే ఒకరోజు పెట్టుకుంది. కిటికీ దగ్గర, వెలుతురు ఎడమ పక్క నుంచి పడేలా కూర్చుంది. ముందు కళ్ళజోడు, దాని మీద భూతద్దం, చేతిలో మూడే మూడు వెంట్రుకలున్న కుంచె. ఊపిరి బిగబట్టి కుడి కనుబొమ్మ వేసింది. ఒక్క లాగు, అంతే. కోడలు పక్కన నిలబడి చూస్తూ, "రెండోది?" అంది.

"ఇది ఆరాలి. దీన్ని తిప్పి పట్టుకుంటే కానీ అటువైపు అందదు. తడి మీద వేలు పడితే వీడికీ మసి బుగ్గలే అవుతాయి. ఫ్యాక్టరీలో ఇవాళ కుడి, రేపు ఎడమ. అందరికీ అంతే." డబ్బా మూత పెట్టకుండా కిటికీ అంచున ఉంచింది. "ముట్టుకున్నావంటే వేళ్ళు విరగ్గొడతాను. మందు సీసా గదిలోకి తేకు."

మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానంది. నిద్రలోనే వెళ్ళిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

పనులన్నీ అయ్యి, వచ్చినవాళ్ళంతా ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళాక, పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి ఫోను చేసింది. అమ్మగారి పళ్ళు తయారయ్యాయి, ఎప్పుడొస్తారు అని. కోడలు చెప్పాల్సిన మాట చెప్పింది. అటువైపు అమ్మాయి అయ్యో అంది. తర్వాత నెమ్మదిగా, డాక్టరుగారి విమానంలో సీటు ఖాళీగా ఉంది, ఆయన అడగమనలేదు, ఊరికే నేనే అడుగుతున్నాను అంది.

"తెస్తాను" అంది కోడలు. "ఎడమ కనుబొమ్మ ఒకటి వెయ్యాలి."

పైలట్ ఇంకా కిటికీ అంచున దూది మీద పడుకునే ఉన్నాడు, ఒక్క కనుబొమ్మతో.